పోస్టు ఖర్చు మాదే

మొన్న మా మనవరాలు ఫోనులో ఏవో జడ క్లిప్పులు తెప్పించుకుని, ఇంటికి తెచ్చిచ్చినందుకు వాళ్లు పైసా కూడా తీసుకోరని సంబరంగా చెప్పింది. నేను సంతోషించడానికి బదులు ఆ డబ్బాను ముందు నా చేతిలోకి తీసుకుని, నాలుగు మూలలూ తడిమి, అతుకులు ఒత్తి చూసి, చెవి దగ్గర పెట్టి ఊపి, అప్పుడు గానీ దానికివ్వలేదు. పిల్ల పకపకా నవ్వింది. లోపల క్లిప్పులే ఉన్నాయి, అన్నీ ఉన్నాయి. అయినా ఉచితం అన్న మాట వినపడగానే నా చెయ్యి మూలల మీదికే పోతుంది. దానికి కారణం పిల్లకు చెప్పినా అర్థం కాదు. సూర్యాపేటలో ఎస్టీడీ బూతులు చూసినవాళ్లు, వాటి ముందు వరుసలో నిలబడి బిల్లు మీటరులో ఎర్రటి అంకెలు గిర్రున తిరుగుతుంటే గుండె దడదడలాడినవాళ్లు, నా ఈడువాళ్లు, మీకైతే చెప్పుకోవచ్చు.

మా పుట్టిల్లు కోదాడ. అత్తవారిది ఆత్మకూర్ దగ్గరి పల్లె, గొర్లు కాచుకుని బతికిన వంశం. మా ఆయనకు బస్సు కండక్టరు ఉద్యోగం రావడంతో మేము సూర్యాపేటలో కాపురం పెట్టాము. రెండువేల ఒకటిలో నాకు బస్టాండు దగ్గర ఒక చిన్న గది కిరాయికి దొరికితే అందులో ఎస్టీడీ బూతు పెట్టుకున్నాను. అద్దాల పెట్టె, రెండు ఫోన్లు, ఒక స్టూలు. బొంబాయి మగ్గాల మీద పనికి పోయిన మొగుళ్లతో మాట్లాడడానికి వచ్చే ఆడవాళ్లు, విజయవాడకు లారీ చేరిందో లేదోనని కనుక్కునే ధాన్యం వ్యాపారులు, అద్దం తలుపు గట్టిగా వేసుకుని గొంతు తగ్గించి మాట్లాడే కాలేజీ పిల్లలు, వాళ్లందరి సొదల మధ్య నాలుగైదేళ్లు నా బతుకు హాయిగానే నడిచింది. తరువాత ఒక్కొక్కరి జేబులోకీ సెల్లు వచ్చింది. నా ముందునుంచే ఫోను చెవిన పెట్టుకుని నడిచిపోతున్న పాత గిరాకీలను చూస్తూ కూర్చున్న ఆ రోజుల్లోనే, వాడిన కంప్యూటరొకటి కొనిపెట్టి, ఇక నెట్ సెంటర్ నడుపుకోమన్నది మా తమ్ముడు.

మా తమ్ముడు కోదాడలోనే ఉండేవాడు. వాడికి చిన్నప్పటినుంచి పాత నాణేల పిచ్చి. పిల్లలందరూ గోళీలకు కొట్లాడుకుంటుంటే వీడు మాత్రం ముసలమ్మల రోటి కింద, దేవుడి అరలో ఏముందోనని వెతికేవాడు. నిజాం సర్కారు హాలీ రూపాయి, రాణి బొమ్మ రూపాయి, నడుమ బెజ్జం ఉన్న రాగి పైస, అన్నీ వాడి రేకుడబ్బాలో ఉండేవి. ఆ నాణేలను కంప్యూటరులో అమ్మకాల సైటులో ఫొటో పెడితే ఢిల్లీ, కలకత్తా నుంచి కూడా కొంటున్నారని ఎవరో వాడికి చెప్పారట. సంచీ భుజాన వేసుకుని కోదాడలో బస్సెక్కి వచ్చేశాడు, అది మొదలు వారంలో సగం రోజులు మా ఇంట్లోనే ఉండేవాడు. నాకు నమ్మకం కలగలేదు. మనకు ముఖం చూపని మనిషి, తను ముఖం చూడని మనిషికి డబ్బు ముందే ఎందుకు పంపుతాడు? పంపాడంటే అందులో ఏదో మతలబు ఉండే ఉంటుందని నా వాదన. కానీ మొదటి నాణెం అమ్ముడుపోయింది, రెండోదీ పోయింది. ఫొటోలు పెట్టడం, ఇంగ్లీషులో రాయడం వాడి పని అయితే, కవర్లు కట్టి పోస్టాఫీసుకు పోవడం నా పని అయింది.

అది మొదలుకొని అనుమానం మా గదిలో అద్దె కట్టని మనిషిలాగా తిష్ట వేసింది. కొనేవాళ్లకు మా మీద అనుమానం, అసలుదేనా, పోతపోసినదా, అయస్కాంతం పక్కన పెట్టి ఇంకో ఫొటో తీయండి అని. మాకు వాళ్ల మీద అనుమానం. ఒకాయన నాణెం అందలేదని ప్రమాణం చేసి డబ్బు వెనక్కు తీసుకున్నాడు, కొన్నాళ్లకు అదే నాణేన్ని, రాణి బొమ్మ చెవి పక్కన అదే గీతతో, తనే అమ్మకానికి పెట్టాడు. మా తమ్ముడు ఆ గీతను గుర్తుపట్టి పళ్లు కొరికాడు. ఇక మా వీధివాళ్ల అనుమానం వేరే రకం. ఈమెకు ఆత్మకూర్ దిక్కు పొలంలో లంకెబిందెలు దొరికాయట, వాటినే విడివిడిగా పోస్టులో అమ్ముతున్నదట అని పుకారు పుట్టింది. ఒకనాడు కానిస్టేబులొకాయన ఫోను చేసుకునే నెపంతో వచ్చి, ఎవరికీ చెయ్యకుండానే స్టూలు మీద కూర్చుని, రేకుడబ్బా వైపు చూస్తూ చాలాసేపు మాట్లాడి పోయాడు. ఆ డబ్బాలో సగం చింతపండుతో తోమి తోమి బొమ్మ అరిగిపోయిన బిళ్లలేనని ఆయనకు చూపిస్తే మొహం చిన్నబుచ్చుకున్నాడు పాపం. ఇంట్లో పాత రూపాయి కనపడితే చాలు మనవాళ్లు పండుగకు చెంబులతో పాటు దాన్నీ తోమేస్తారు. తళతళలాడే నాణేనికి విలువ ఉండదని చెబితే ఎవరూ నమ్మేవారు కాదు.

మొదట్లో పోస్టు ఖర్చు కొన్నవాళ్లదే. తరువాత ఏ పట్నంలోనో ఉన్న వ్యాపారి ఒకడు తన నాణేల కింద పోస్టు ఉచితం అని రాశాడు. అంతే, మా గిరాకీలంతా చీమల బారు మళ్లినట్టు అటు మళ్లారు. నాలుగు వారాలు మా కంప్యూటరు మూగబోయింది. చివరికి మా తమ్ముడు కూడా ప్రతి నాణెం కిందా పోస్టు ఖర్చు మాదే అని రాసిపెట్టాడు. గిరాకీ మళ్లీ వచ్చింది, నాకే నిద్ర పట్టడం మానేసింది. పోస్టాఫీసువాళ్లు ఊరికే మోయరు కదా, కొనేవాడు ఇవ్వకపోతే ఎవరో ఒకరు ఇవ్వాలి కదా అని నేను అడిగితే, ధరలో కలుపుదాం అక్కా అన్నాడు. కలిపితే ధర ఎక్కువైందని పోతారు. కలపకపోతే రాగి పైసలాంటి చిన్న బిళ్లల మీద వచ్చేదంతా స్టాంపులకే పోతుంది. ఎటు తిప్పినా ముడి విడలేదు. ఆఖరుకు మా తమ్ముడి కన్ను నేను కట్టే కవర్ల మీద పడింది.

నేను ఎట్లా కట్టేదాన్నంటే, ఇంట్లో పేరుకున్న పాత పెళ్లికార్డులను నాలుగు పొరలుగా అతికించి, నడుమ నాణెమంత గుండ్రంగా కత్తిరించి, ఆ గుంటలో నాణేన్ని కూర్చోబెట్టి, పైనా కిందా ఇంకో కార్డు మూసి టేపు వేసేదాన్ని. ఊపితే చప్పుడు కూడా వచ్చేది కాదు. దానితో కవరు బరువు ఇరవై గ్రాములు దాటేది, దాటితే స్టాంపు ఎక్కువ. రిజిస్ట్రీ మానడం కుదరదు కాబట్టి పెళ్లికార్డులు మానమన్నాడు వాడు. నాణేన్ని తెల్లకాగితంలో మడిచి, ఒక్క పట్టీ టేపు వేసి, పలచటి కవరులో పెట్టమన్నాడు. బిళ్ల లోపల కదులుతుందిరా అంటే, "కదిలితే ఏమవుద్ది అక్కా, కాళ్లొచ్చి నడిచిపోద్దా?" అని నవ్వాడు. ఇరవైలోపు తూగినప్పుడల్లా పోస్టాఫీసు కౌంటరు దగ్గర నాకూ కొంచెం సంతోషంగానే ఉండేది.

మా ఆడబిడ్డ, అంటే మా ఆయన అక్కగారు, మిర్యాలగూడలో ఉండేది. ఆమె భర్త రైసుమిల్లులో పని చేస్తూ బెల్టులో చెయ్యి పడి కుడిచేతి వేళ్లు పోగొట్టుకున్నాడు. ఇంటి ముందు గదిలో పిండిగిర్ని పెట్టుకుంటే ఇద్దరూ కూర్చున్నచోటే బతకొచ్చని ఆమె ఆశ. ఆమె దగ్గర ఒక నిజాం రూపాయి ఉన్నది. ఆమె పుట్టినప్పుడు వాళ్ల నాయనమ్మ గొర్లు అమ్మిన పైకంలోనుంచి తీసి పిడికిట్లో పెట్టిందట. పసుపుగుడ్డలో చుట్టి ఉంచడమే గానీ ఏనాడూ తోమలేదు. చార్మినారు బొమ్మ గుమ్మంలో చిన్న ఉర్దూ అక్షరం ఒకటి ఉంటుంది, అది రాసిన తీరును బట్టి ఆ నాణేల ధర మారుతుంది. మా తమ్ముడు మిర్యాలగూడ పోయినప్పుడు భూతద్దం పెట్టి దాన్ని చూసి, కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. దీనితో గిర్ని రాకపోయినా గిర్నిలో పెద్ద భాగమే వస్తుందన్నాడు. మా ఆయన మిర్యాలగూడ రూటులోనే తిరిగేవాడు కనుక, ఆమె ఆ నాణేన్ని బస్సు దగ్గరికి తెచ్చి ఆయన టికెట్ల సంచీలో తన చేత్తోనే వేసింది.

ఉత్తరాది ఊరి మనిషి ఒకాయన బేరం ఆడకుండా కొన్నాడు. నేనే కాగితంలో మడిచాను, నేనే కవరు అతికించాను, నేనే పోస్టాఫీసులో ఇచ్చి రసీదు తెచ్చాను. అంత ధర పలికిన నాణెం కదా, దీనికొక్కదానికైనా కార్డు పెడతానంటే, కవరు లావుగా ఉంటేనే దారిలో దొంగల కన్ను పడుతుందని వాడు వాదించాడు. కవరు చేరింది, సంతకం పెట్టి తీసుకున్నారు. రెండు రోజులకు ఆయన రాశాడు, కవరు మూల చిరిగి ఉన్నది, లోపల ఉత్త కాగితమే ఉన్నది అని. మా తమ్ముడు చదివి బల్ల గుద్దాడు. ఇదివరకటి దొంగలాగే వీడూ ఇంకో దొంగ, మూల వాడే చింపుకున్నాడు అన్నాడు. నేనూ అదే అనుకున్నాను. సైటువాళ్లు మాత్రం ఆయన డబ్బు ఆయనకు తిరిగి ఇచ్చేశారు.

ఆ మాట చెప్పడానికి నేనే మిర్యాలగూడ పోయాను. మా ఆడబిడ్డ ఏడవలేదు, అరవలేదు. గడపలో కూర్చుని బియ్యంలో రాళ్లు ఏరుతూ అంతా విన్నది. విని, తల ఎత్తకుండానే అన్నది: "సంతకం పెట్టి తీసుకున్నడంటివి. అంటే కవరు ముట్టింది. కవరు ముట్టినంక బిళ్ల ఏడికి పోతది పిల్లా? కవర్ల ఏసిందెవరు, అతికిచ్చిందెవరు?"

నువ్వు తీశావని ఆమె ఒక్కనాడూ అనలేదు. అని ఉంటే నేనూ నాలుగు మాటలు అని ఊరుకునేదాన్నేమో. ఆమె అడిగి వదిలేసింది, మిగిలింది చుట్టాలు పూర్తి చేశారు. అక్క కవరులో పెట్టలేదు, తమ్ముడు హైదరాబాదులో అమ్ముకున్నాడు, కోదాడోళ్ల తెలివి మనకు వస్తదా అని ఆత్మకూర్ దాకా మాట పాకింది. అంతకుముందు మా ఆయన బస్సు మిర్యాలగూడలో ఆగినప్పుడల్లా వాళ్లక్క జొన్నరొట్టెలో, పప్పన్నమో టిఫిను పట్టుకుని బస్టాండుకు వచ్చేది. ఆ టిఫిను ఆగిపోయింది. ఆయన అక్కడ హోటల్లో తిని వస్తున్నాడని ఆయన చొక్కాకు అంటిన సాంబారు వాసనను బట్టి నాకు తెలిసేది. ఆయన నన్నేమీ అడగలేదు. అడగలేదనే నాకు ఆయన మీద ఎంతో గౌరవంగా ఉండేది. ఒకరోజు పొద్దున డ్యూటీకి పోతూ, బూటు లేసు కట్టుకుంటూ, వంగినవాడు వంగినట్టే ఉండి, "నువ్వు ఏసినవ్ గదా?" అన్నాడు. వేశానన్నాను. సరే అని పోయాడు. ఊరంతా అన్నది ఒక ఎత్తు, ఆ ఒక్క మాట ఒక ఎత్తు. ఆ రోజంతా బూతు షట్టరు సగమే తీసి, చీకట్లో కూర్చున్నాను.

అనుమానం గజ్జివంటిది, ఒకరికి వస్తే పక్కవాళ్లకూ అంటుకుంటుంది. మా తమ్ముడు ఒకనాడు మెల్లగా, పోస్టుకు ఇచ్చేముందు కవరు రాత్రంతా ఇంట్లోనే ఉన్నది కదా, బావ చెయ్యి ఏమైనా పడిందేమో అక్కా అన్నాడు. వాణ్ని కసిరాను. కసిరిన తరువాత, నేను కవరు మడుస్తున్న పూట వాడు నా పక్కనే ఉన్నాడు కదా అని నాకూ ఒక్క క్షణం అనిపించింది. అట్లా అనిపించినందుకు నా మీద నాకే రోత పుట్టింది. ముగ్గురం ఒకే ఇంట్లో అన్నం తింటూ ఒకరి చేతులను ఒకరం చూసుకుంటున్నాము.

ఇట్లా ఉండగా ఒకనాడు పోస్టాఫీసు కౌంటరు దగ్గర వేరే కవరు ఇచ్చి నిలబడ్డాను. కౌంటరులో ఉన్నామె తేదీ ముద్రను సిరా మీద అద్ది కవరు మీద దబ్బున కొట్టింది. టంగుమన్నది. అక్కడ ఎన్నోసార్లు నిలబడ్డాను గానీ ఆ చప్పుడు ఆ రోజే నా చెవిన పడింది. పెళ్లికార్డుల కాలంలో ముద్ర పడితే దిండు మీద గుద్దినట్టు మెత్తగా వినపడేది. ఇప్పుడు ఇనుము నాణేనికి తగులుతున్నది. ఆమె కవరును పక్కకు విసిరితే లోపలి బిళ్ల సర్రున మూలకు జారడం కవరు మీదనుంచే కనపడింది. ఇంటికి వచ్చేదాకా ఆ మూలే నా కళ్లముందు ఆడింది.

ఎవరికీ చెప్పలేదు. అప్పట్లో లావుపాటి అయిదు రూపాయల బిళ్లలు ఉండేవి, మీకు గుర్తుండే ఉంటుంది. అట్లాంటిది ఒకటి తీసుకుని, మా తమ్ముడు చెప్పిన పద్ధతిలోనే కాగితంలో మడిచి, ఒకే పట్టీ టేపు వేసి, పలచటి కవరులో పెట్టి, మా ఆడబిడ్డ పేర రిజిస్ట్రీ చేశాను. ఆమెకు ఫోను చేసి, వదినా, నీకొక కవరు వస్తది, పోస్టుమ్యాను ముందరే విప్పు, అన్నయ్యను కూడా పక్కన ఉంచుకో, ఇంకేమీ అడగకు అన్నాను. కవరు చేరింది. "ముట్టింది. నీ బిళ్ల నా శేతుల ఉన్నది. ఏడికీ పోలే" అన్నది, చివరి మాటను కొంచెం ఒత్తి. ఇంకొకటి పంపాను. అదీ క్షేమంగా చేరింది. ఈసారి ఆమె ముట్టింది అన్న ఒక్క మాటతో ఫోను పెట్టేసింది. నా చేత్తో నేనే నా నేరం రుజువు చేసుకుంటున్నానేమోనని భయం వేసింది. ఇక చాలనుకున్నాను. కానీ చెయ్యి ఊరుకోలేదు. మూడోది కూడా పంపాను.

మూడో కవరు సంగతి ఫోను రాలేదు. మరునాడు మధ్యాహ్నం మా ఆయన బస్సులో మా ఆడబిడ్డే దిగింది. మనిషి ఎండకు చెమటలు కక్కుతున్నది, చేతిలో కవరు. కుర్చీ వేస్తే కూర్చోలేదు.

"గిది సూడు" అని కవరును బల్ల మీద పెట్టింది. కింది మూల గోరుతో చీరినట్టు నిలువుగా తెగి ఉన్నది. అతుకు అతికినట్టే ఉన్నది, ముద్ర ముద్రలాగే ఉన్నది. కాగితం ఉన్నది, బిళ్ల లేదు. ఆమె తన చిటికెన వేలు ఆ సందులోంచి లోపలికి పెట్టి బయటికి తీసి చూపించింది. "మీ అన్న ముంగటనే ఇప్పిన. పోస్టాయన ముంగటనే ఇప్పిన. ఆయనే పరేషానైండు."

నా వేలూ ఆ సందులో పెట్టి చూశాను. కళ్లలో నీళ్లు ఆగలేదు. ఆమె ఆ కవరు వైపే చూస్తూ, "మూల సినిగిందని ఆ కొన్నాయన మొదలే సెప్పిండు గదా. మీరు నమ్మకపోతిరి" అన్నది. ఆ మాట నిజం. ముఖం తెలియని ఆ మనిషిని మేము నమ్మలేదు, ముఖం తెలిసిన నన్ను వీళ్లు నమ్మలేదు. దొంగ అనేవాడే లేని దొంగతనంలో ఇంతమందిమి ఒకరినొకరం పట్టుకున్నాము. ఆ నిజాం రూపాయి ఏ సంచీ అడుగుననో, ఏ రైలుపెట్టె సందులోనో పడి ఉంటుంది.

సాయంత్రానికి మా తమ్ముడు కోదాడనుంచి వచ్చాడు. కవరును అటూ ఇటూ తిప్పి చూశాడు. తరువాత కంప్యూటరు ముందుకు పోయి ఆ ఉత్తరాది ఆయనకు క్షమించమని రాశాడు. తనకు ఆ నాణెం నిజంగానే కావాలని, అందుకే బేరం ఆడలేదని ఆయన జవాబిచ్చాడు. ఆ తరువాత వాడు ప్రతి నాణెం కిందా ఉన్న పోస్టు ఖర్చు మాదే అన్న మాటను ఒక్కొక్కటే తీసేశాడు. గిరాకీ తగ్గింది, తగ్గుతూ తగ్గుతూ ఆగిపోయింది. తను చిన్నప్పటినుంచి కూడబెట్టుకున్న మంచి నాణేలన్నీ హైదరాబాదులో ఒక వ్యాపారికి అమ్మి, ఆ పైకం తెచ్చి మా ఆడబిడ్డ ముందు పెట్టాడు. ఆమె వద్దన్నది. మా ఆయనే, తీసుకో అక్కా, లేకుంటే పిలగాడు తలెత్తుకుని తిరగలేడు అన్నాడు. పిండిగిర్ని వచ్చింది. వేళ్లు లేని చేత్తో మా అన్నయ్య డబ్బాలు వంచి పోస్తుంటే, ఆమె పిండి పట్టేది. మా ఆయనకు టిఫినూ మళ్లీ వచ్చింది. చుట్టాలను అడిగితే, అయ్యో, మేమెప్పుడు అనుమానపడ్డాం అన్నారు. నిజమేనన్నట్టు నేనూ తల ఊపాను.

ఇప్పుడు ఏదైనా తెప్పించుకుంటే విప్పేముందు ఫోనులో వీడియో తీయమంటున్నారు, లోపల ఏమీ లేకపోతే సాక్ష్యం ఉండాలట. ఇంటికి తెచ్చిచ్చే పిల్లవాడు గుమ్మం ఫొటో తీసుకుని పోతున్నాడు. అందరి చేతిలోనూ సాక్ష్యం ఉన్నది కనుక ఎవరూ ఎవరినీ మాట అనుకునే పని లేదు. మంచిదే. మా రోజుల్లో సాక్ష్యాలు లేవు, మనిషి మాటే ఉండేది, అది పగిలితే అతికించడానికి టేపు కూడా ఉండేది కాదు. నేను మిర్యాలగూడ ఇప్పటికీ పోతూ ఉంటాను. పూర్వం మా ఆడబిడ్డ ఇంటికి పోతే ఆమె కూర్చున్నచోటినుంచి కదలకుండానే, పిల్లా, పొయ్యి మీద చాయ పెట్టు, నాకూ ఇంత పొయ్ అనేది, నేను నేరుగా వంటింట్లోకి పోయి డబ్బాలన్నీ మూతలు తీసి వెతుక్కునేదాన్ని. ఆ కవరు బల్ల మీద పెట్టిన రోజు తరువాత ఆమె నాతో ఒక్కసారైనా పరుషంగా మాట్లాడలేదు. నేను గడప తొక్కగానే గబగబా లేచి వస్తుంది, ఫ్యాను వేస్తుంది, కుర్చీ కొంగుతో తుడిచి కూర్చోమంటుంది, సాసరులో కప్పు పెట్టి చాయ తెచ్చి చేతికిస్తుంది. ఎంతో మర్యాద. ఆ ఇంట్లో నేను చుట్టాన్నైపోయాను.